గెల బరువు చూస్తారా.. కిలో ధర చూస్తారా?

జీ-9, ఏలక్కి అరటిలో ఏది మేలు?

కంటోన్మెంట్ (బళ్లారి): తోపుడుబండి మీద రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. పొడుగ్గా, పసుపు పచ్చగా మెరిసేది జీ-9. వేలెడంత ఉండి, పలుచని తొక్కతో తియ్యగా ఉండేది ఏలక్కి. కొనేవారికి రుచిలోనే తేడా. వేసే రైతుకు మాత్రం ఏడాది కష్టం లెక్క.

ముందు బరువు సంగతి. ఆరడుగులకో మొక్క చొప్పున నాటితే ఎకరాకు 1,210 పడతాయి. ఎరువు, నీరు సరిగా అందిన జీ-9 గెల 25 కిలోలు తూగుతుంది. ఏలక్కి 12 కిలోలొస్తే మంచి కాపే. ఒక్క మొక్కా పోలేదనుకుంటే అక్కడ 30 టన్నులు, ఇక్కడ పద్నాలుగున్నర. అంటే ఏలక్కి ధర జీ-9కి రెట్టింపు దాటితేనే రైతుకు గిట్టుబాటు. బెంగళూరులో గిరాకీ వల్ల చాలాసార్లు దాటుతుంది కూడా. కానీ జీ-9 ఏడాదిలోపే కోతకొస్తే, ఏలక్కికి మరో నెలో రెండు నెలలో ఆగాలి.

పొట్టిదానికే గట్టితనం

జీ-9 అసలు పేరు గ్రాండ్ నైన్. ఫ్రెంచిలో ‘పెద్ద మరుగుజ్జు’ అని అర్థమట! పొట్టి చెట్టు కాబట్టి వేసవి గాలివానకు కాస్త తట్టుకుంటుంది. అయినా గెల బరువుకు కర్ర ఊతం ఇవ్వక తప్పదు. ఎత్తుగా పెరిగే ఏలక్కికి గాలి భయం ఎక్కువ.

అంతకంటే పెద్ద భయం పనామా తెగులు. మట్టిలో ఏళ్ల తరబడి దాగుండే ఈ శిలీంధ్రం నంజనగూడు రసబాళెను (మన అమృతపాణి) దాదాపు తుడిచిపెట్టింది. ఏలక్కినీ వదలదు. పాత రకం శిలీంధ్రాన్ని జీ-9 తట్టుకుంటుంది. అలాగని నిశ్చింత లేదు. జీ-9ను కూడా చంపే టీఆర్-4 గత దశాబ్దంలోనే బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో బయటపడింది.

సరిహద్దు అవతల..

పక్కనున్న అనంతపురం రైతులు డ్రిప్ కింద జీ-9నే నమ్ముకున్నారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్లతో అరటి రైలు ముంబయి రేవుకు వెళ్లింది. ఎగుమతికి ఒకే సైజు కాయ కావాలి. ఆ పని ఏలక్కి వల్ల కాదు. అయితే అందరూ ఒకేసారి నాటితే కోతలూ ఒకేసారి వచ్చి ధర పడిపోతుంది. దళారి చెప్పిందే రేటు.

మన దగ్గర అసలు చిక్కు నీళ్లది. హంపి, కమలాపుర పొలాల్లో రాయల నాటి కాలువల కింద సుగంధి రకం ఎప్పటి నుంచో ఉంది. తుంగభద్ర కాలువ చివరి ఆయకట్టులో ఆ ధీమా లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ సంగతి అందరికీ తెలిసొచ్చింది. వరికైతే ఒక పంట వదులుకోవచ్చు, అరటికి నెల రోజులు తడి ఆగితే గెలే చిన్నబోతుంది. బోరు ఆసరా లేనివారు ఏ రకం వేసినా జూదమే.

ఏలక్కి వేయాలనుకునేవారు పిలకలు తెచ్చే తోటలో ఆకులు పసుపెక్కి, కాండం మొదట్లో చీలిన చెట్లున్నాయేమో ముందు చూసుకోవాలి. ఒక్కటి కనిపించినా ఆ తోట పిలకలు వద్దు.