పేజీ చివర విరిగిపోవు పేరాలు: లేఖన భాగములను కలిపి ఉంచుట

ఉపోద్ఘాతము

మన బైబిలులోని అధ్యాయములు, వచన సంఖ్యలు మూల రచయితలు పెట్టినవి కావు. క్రొత్త నిబంధనను నేటి వచన సంఖ్యలతో రాబర్ట్ ఎస్తియెన్ 1551లో ముద్రించాడు. విభజన అర్థమును ఎట్లు ప్రభావితము చేయునో ఎఫెసీయులకు 5:21-22 చూపుతుంది. 21వ వచనము విశ్వాసులందరు ఒకరికొకరు లోబడుటను గూర్చినది. పీ46, వాటికానస్ అను ప్రాచీన ప్రతులలో 22వ వచనమునకు వేరుగా క్రియ లేదు. 21లోని క్రియయే దానికి ఆధారము. కొన్ని ముద్రణలు ఈ రెంటి మధ్య శీర్షిక పెట్టుటవలన భార్యలకు చెప్పిన మాట మాత్రమే విడిగా నిలిచినది. మన పరిశోధన పత్రములో 21 ఒక పేజీ అడుగున, 22 మరుసటి పేజీ పైన పడినచో చదువరికి అదే నష్టము కలుగుతుంది.

1. ఎంటర్ మీటతో వచ్చు చిక్కు

విద్యార్థుల పత్రములలో మేము తరచుగా చూచునదేమనగా, శీర్షిక పేజీ అడుగున మిగిలితే ఎంటర్ మీటను నాలుగైదు సార్లు నొక్కి దానిని క్రిందికి జరుపుతారు. తరువాత పైన ఒక వాక్యము చేర్చినను, మరొక కంప్యూటరులో ఆ తెలుగు ఫాంటు లేకపోయినను వరుసలు మారి, ఆ ఖాళీలు పేజీ మధ్యకు వస్తాయి.

2. వర్డ్‌లోని ఏర్పాట్లు

హోమ్‌లో పారాగ్రాఫ్ కిటికీని తెరచి, లైన్ అండ్ పేజ్ బ్రేక్స్ అను విభాగమునకు వెళ్లవలెను. అందులో ముఖ్యమైనవి నాలుగు.

అ) విడో/ఆర్ఫన్ కంట్రోల్: పేరాలోని మొదటి వరుస పేజీ అడుగున గాని, చివరి వరుస మరుసటి పేజీ పైన గాని ఒంటరిగా మిగలకుండ చూస్తుంది.

ఆ) కీప్ విత్ నెక్స్ట్: పేరాను తరువాతి పేరాతో కలిపి ఉంచుతుంది. శీర్షికలకు, ఉదాహరణకు ముందు వచ్చు పరిచయ వాక్యమునకు ఇది అవసరము. 21, 22 వచనములను వేరు వేరు పేరాలుగా టైపు చేస్తే, 21కి దీనిని పెట్టవలెను.

ఇ) కీప్ లైన్స్ టుగెదర్: ఒక పేరా రెండు పేజీలకు చీలకుండ ఆపుతుంది. చిన్న లేఖన ఉదాహరణలకు తగినది.

ఈ) పేజ్ బ్రేక్ బిఫోర్: ప్రతి అధ్యాయమును క్రొత్త పేజీలో ప్రారంభిస్తుంది.

లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ఇటువంటి ఏర్పాట్లు పారాగ్రాఫ్ కిటికీలోని టెక్స్ట్ ఫ్లోలో ఉన్నవి.

3. స్టైల్స్‌తో స్థిరపరచుట

ప్రతి శీర్షికకు విడివిడిగా చేయనవసరము లేదు. వర్డ్‌లోని హెడింగ్ స్టైల్స్‌కు కీప్ విత్ నెక్స్ట్ ముందే పెట్టబడి ఉంటుంది. అక్షరములను బోల్డ్ చేసి శీర్షికగా వాడువారికి ఈ మేలు దొరకదు. లేఖన ఉదాహరణలకు ఒక ప్రత్యేక స్టైల్ చేసికొని, అందులో కీప్ లైన్స్ టుగెదర్ పెట్టుకొంటే పత్రమంతటికి అది వర్తిస్తుంది.

రిఫరెన్సు విషయములో కూడ జాగ్రత్త కావలెను. "1 కొరింథీయులకు 13:4" అని వ్రాయునప్పుడు మధ్యనున్న ఖాళీలకు కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ మీటలను కలిపి నొక్కితే, అంకె ఒక వరుసలో, పత్రిక పేరు మరొక వరుసలో పడవు.

4. మితము

పొడవైన పేరాలకు కీప్ లైన్స్ టుగెదర్ పెడితే ముందు పేజీలో సగము ఖాళీగా మిగిలిపోవచ్చును. వరుసగా పేరాలన్నిటికి కీప్ విత్ నెక్స్ట్ పెడితే ఎక్కడ విరవవలెనో వర్డ్‌కు తెలియదు. అర్థము విడిపోగూడని చోటనే వీటిని వాడవలెను.

ముగింపు

ప్రసంగ ప్రతికి కూడ ఇదే వర్తిస్తుంది. పుల్పిట్‌లో వచనము మధ్యలో పేజీ త్రిప్పవలసి వస్తే, వినువారికి ఆ వచనము రెండు ముక్కలుగా చేరుతుంది. ఫాంటు మారకుండ పంపుటకు చివరి ప్రతిని పీడీఎఫ్‌గా చేసి, ప్రతి పేజీ అడుగు వరుసను, తరువాతి పేజీ పై వరుసను ఒకసారి చదివి చూడవలెను. లేఖనమును సందర్భములో చదువుమని బోధించు మనము, దానిని సందర్భముతోనే అచ్చువేయుట న్యాయము.