కుస్కోలో షూటింగ్: పలుచని గాలి, పాత రాళ్లు, పకడ్బందీ ప్రణాళిక

పెరూ దేశపు ఆగ్నేయ భాగంలో, ఆండీస్ పర్వతాల మధ్య, సముద్ర మట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కో, 1533లో స్పెయిన్ సేనలు ప్రవేశించేనాటికి ఇన్కా సామ్రాజ్యానికి రాజధాని. ఇన్కాలు పేర్చిన రాతి గోడలనే పునాదులుగా చేసుకొని స్పెయిన్ పాలకులు వాటిపై చర్చీలనూ, మఠాలనూ, భవంతులనూ కట్టించడంతో ఇక్కడి వీధుల్లో రెండు నాగరికతలు ఒకదానిపై ఒకటి నిలిచి కనిపిస్తాయి. 1983లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. కెమెరాకు ఇంత ఇంపైన నగరం అరుదే గాని, ఇక్కడ షెడ్యూలును శాసించేది తారల కాల్షీట్ల కన్నా ముందు ఎత్తైన చోటి పలుచని గాలి, ఆ తరువాత శతాబ్దాల నాటి ఆ రాళ్లు. ఈ రెండింటి షరతులకు తలవంచి, మిగిలిన పనులను వాటికి తగినట్టు అమర్చుకొన్న యూనిట్‌కే ఇక్కడ పని సజావుగా సాగుతుంది.

కుస్కోకు సినిమా కొత్త కాదు. 1955లో ఇక్కడ ఏర్పడిన సినీ క్లబ్ సభ్యులు చుట్టుపక్కల గ్రామాల పండుగలనూ జీవనాన్నీ చిత్రిస్తూ వచ్చారు. ఆ ఒరవడిలోనే లూయిస్ ఫిగెరోవా, ఎవులోహియో నిషియామా, సెసార్ వియానువేవా కలిసి 1961లో ‘కుకులి’ని తీశారు. ఈ ప్రాంత ప్రజల మాతృభాష అయిన కెచువాలో వచ్చిన తొలి కథాచిత్రంగా దానికి పేరుంది. చే గెవారా యౌవనంలో చేసిన యాత్రను చూపిన ‘ది మోటార్‌సైకిల్ డైరీస్’ (2004), హాలీవుడ్ భారీ చిత్రం ‘ట్రాన్స్‌ఫార్మర్స్: రైజ్ ఆఫ్ ది బీస్ట్స్’ (2023) కుస్కోలోనూ, సమీపంలోని ఇన్కా శిథిల నగరం మాచుపిచ్చులోనూ చిత్రీకరణ జరుపుకొన్నాయి. శంకర్ దర్శకత్వంలో 2010లో వచ్చిన ‘రోబో’లో రజనీకాంత్, ఐశ్వర్యారాయ్‌లపై తీసిన కిలిమంజారో పాట ద్వారా మాచుపిచ్చు తెలుగు ప్రేక్షకులకూ పరిచయమే. అయితే మాచుపిచ్చు ఎత్తు 2,430 మీటర్లు మాత్రమే కనుక, అక్కడ వేయగలిగిన స్టెప్పులను కుస్కోలో అంతే సులువుగా వేయగలమనుకొంటే పొరపాటవుతుంది.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గుతుందని చాలామంది అనుకొంటారు గాని, ఆ పాలు అక్కడా 21 శాతమే; తగ్గేది గాలి పీడనం. కుస్కోలో ఆ పీడనం సముద్ర తీరంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే కాబట్టి, పీల్చే ప్రతి శ్వాసలోనూ అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. తీరంలోని లిమా నుంచి విమానంలో గంటన్నరలోపే ఇంత ఎత్తుకు చేరుకొన్నవారిలో తలనొప్పి, వికారం, ఆయాసం, నిద్రలేమి కనిపిస్తాయి. వైద్యులు దీన్ని తీవ్ర పర్వత అస్వస్థత అంటారు. లక్షణాలు విమానం దిగిన వెంటనే కాక సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత బయటపడతాయి గనుక, మధ్యాహ్నం హుషారుగా సామాను మోసిన లైట్‌మన్ రాత్రికి మంచం పట్టవచ్చు. అరుదుగానైనా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం, మెదడు వాయడం వంటి ప్రాణాంతక స్థితులు ఏర్పడితే రోగిని వెంటనే కిందికి దించడమే ప్రధాన చికిత్స.

ఈ కారణంగా అనుభవజ్ఞులైన ప్రొడక్షన్ మేనేజర్లు విమానాశ్రయం నుంచి యూనిట్‌ను నేరుగా కుస్కో కన్నా సుమారు 500 మీటర్లు దిగువన ఉన్న ఉరుబంబ లోయకు తరలించి, మొదటి రెండు రాత్రులు అక్కడే నిద్రపోయేలా చూస్తారు. పగలు ఎత్తులో పనిచేసినా రాత్రి తక్కువ ఎత్తులో పడుకొంటే శరీరం త్వరగా అలవాటు పడుతుందన్నది పర్వతారోహకుల నియమం. దాదాపు ఇదే ఎత్తున ఉన్న లేహ్‌లో పనిచేసిన భారతీయ యూనిట్లకు ఈ జాగ్రత్త కొత్తది కాదు. తొలి పనిదినాల్లో కూర్చొని మాట్లాడే సన్నివేశాలను, ఆ తరువాతే పాటలనూ పోరాటాలనూ పెట్టుకోవడం మేలు. అసిటజోలమైడ్ వంటి మందులను వైద్యుని సలహా లేకుండా వాడరాదు. స్థానికులు ఇచ్చే కోకా ఆకుల తేనీరు పెరూలో చట్టబద్ధమే అయినా, ఆ ఆకులను భారతదేశానికి తీసుకురావడం నేరం.

మనుషుల మాదిరే యంత్రాలకూ గాలి చాలదు. టర్బో లేని డీజిల్ జనరేటర్ ఈ ఎత్తున దాదాపు మూడో వంతు శక్తిని కోల్పోతుంది కాబట్టి, లైట్లకు కావలసిన దానికంటే పెద్దదాన్ని మాట్లాడుకోవాలి. పలుచని గాలిలో రెక్కలకు పట్టు తక్కువ గనుక డ్రోన్ బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. అంతకన్నా కనబడని ప్రమాదం హార్డ్‌డిస్క్‌లో ఉంది: అందులో గిర్రున తిరిగే పళ్లెంపై సమాచారాన్ని రాసే సూదిమొన వంటి భాగం అతి సన్నని గాలి పొరపై తేలుతూ ఉంటుంది, ఆ పొర పలుచబడితే మొన పళ్లేన్ని గీసి ఆ రోజు తీసిన షాట్లన్నీ పోవచ్చు. సాధారణ హార్డ్‌డిస్క్‌లలో అధిక భాగం 3,000 మీటర్ల ఎత్తు వరకే పనిచేసేలా తయారవుతాయి. కనుక తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలలోనే ఫుటేజీని భద్రపరచాలి. వంటశాలలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది: ఇక్కడ నీరు 89 డిగ్రీల దగ్గరే మరిగిపోవడం వల్ల ప్రెషర్ కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు.

ఋతువుల లెక్క కూడా తారుమారవుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందున జూన్, జూలై ఇక్కడ శీతకాలం. మే నుంచి సెప్టెంబరు వరకు ఆకాశం నిర్మలంగా ఉండి, పగలు హాయిగా 20 డిగ్రీల వరకు చేరే ఉష్ణోగ్రత రాత్రి సున్నాకు దగ్గరవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వానలు ముమ్మరం. జూన్‌లో సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే ఒరిగి ఉంటాడు కనుక దక్షిణ ముఖంగా ఉన్న గోడలపై నేరుగా ఎండ పడదు. హైదరాబాద్‌లో చలికాలపు వెలుగుకు అలవాటుపడిన ఛాయాగ్రాహకుడు రెక్కీలోనే ప్రతి వీధికీ ఎండ పడే వేళలను రాసుకోవలసి ఉంటుంది. విద్యుత్తు 220 వోల్టులే అయినా పౌనఃపున్యం మన దేశంలో వలె 50 హెర్ట్జ్ కాక 60 హెర్ట్జ్ కాబట్టి, వీధి దీపాల కింద తీసే షాట్లకు మనకు అలవాటైన షట్టర్ అమరికను మార్చుకోవాలి.

అన్నిటికన్నా సున్నితమైనది రాళ్ల విషయం. హతున్ రుమియోక్ అనే ఇరుకు వీధి గోడలో పన్నెండు కోణాలతో చెక్కిన ఒక రాయి, సున్నం గాని మట్టి గాని లేకుండా చుట్టూ ఉన్న రాళ్లతో అతుకు తెలియనంతగా ఇమిడి ఉంటుంది. 1950 మే 21న వచ్చిన భూకంపంలో స్పెయిన్ కాలపు కట్టడాలు కూలినా, సూర్య దేవాలయమైన కోరికాంచలోని ఇన్కా గోడలు నిలిచాయి. భూకంపానికి లొంగని ఇటువంటి పనితనం మనిషి అజాగ్రత్తకు లొంగుతుందనడానికి 2000 సెప్టెంబరులో జరిగిన ఘటనే సాక్ష్యం: మాచుపిచ్చులో ఒక బీరు ప్రకటన తీస్తుండగా క్రేన్ పడి, ఇన్కాలు పవిత్రంగా భావించిన ఇంతివతాన శిల అంచు విరిగింది. ఇన్కా కట్టడాల వద్ద చిత్రీకరణకు సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కుస్కో విభాగం నుంచి, వీధులకూ కూడళ్లకూ పురపాలక సంస్థ నుంచి, చర్చీలకు మతాధికారుల నుంచి విడివిడిగా అనుమతులు పొందాలి. క్రేన్, ట్రాక్, లైట్ల బరువు ఎక్కడ మోపుతారో దరఖాస్తులోనే చూపడం ఉభయులకూ క్షేమం.

ఎండ బాగుండే జూన్‌లోనే నగరం పండుగలతో క్రిక్కిరిసిపోతుంది. 1944లో పునరుద్ధరించిన సూర్యోత్సవం ఇంతి రైమి జూన్ 24న సక్సాయ్‌వామన్ కోట మైదానంలో జరుగుతుంది. ఆ రోజుల్లో గదులు దొరకవు, ప్రధాన కూడలి ఖాళీగా ఉండదు, బాణసంచా మోతలో సంభాషణలు రికార్డు చేయలేరు. ఉత్సవమే కథకు అవసరమైతే తప్ప మే నెలనో, ఆగస్టు, సెప్టెంబరులనో ఎంచుకోవడం వివేకం. మాచుపిచ్చుకు కుస్కో నుంచి నేరుగా రోడ్డు మార్గం లేనందున సామగ్రిని రైల్లోనూ ఆపై బస్సులోనూ చేరవేయవలసి ఉండి, ఆ ప్రయాణానికే షెడ్యూలులో చోటివ్వాలి.

ఈ జాగ్రత్తలన్నీ బడ్జెట్‌ను పెంచేవిగా తోచినా, లెక్క వేసి చూస్తే విశ్రాంతికి వదిలిన రెండు రోజుల ఖర్చు, నాయిక ఆసుపత్రి పాలై నిలిచిపోయిన ఒక్క రోజు ఖర్చు కన్నా తక్కువే. ఆగిపోయిన పాటను మరో వారం తీసుకోవచ్చు, పోయిన ఫుటేజీని మళ్లీ చిత్రించవచ్చు; విరిగిన ఇన్కా శిలను మాత్రం ఏ నిర్మాతా తిరిగి ఇవ్వలేడు. అందువల్ల కుస్కోకు బయలుదేరే యూనిట్ కాల్షీట్ల పట్టికకు ముందు వైద్యుణ్ణీ, పురావస్తు నిపుణుణ్ణీ సంప్రదించడం మంచిది.