రోగి చెప్పే పాఠం

‘భోజనం చేశాక మధ్యాహ్నం ఒక మాత్ర’ అని డాక్టర్ రాసిస్తారు. రొంపిచెర్ల వైపు ఊళ్లలో మిరప కోతలకు వెళ్లే మహిళకు ఆ మధ్యాహ్నం గడిచేది చేలోనే. మాత్రల పొట్లం ఇంట్లో గూట్లో ఉంటుంది. కొన్నాళ్లకు బీపీ తగ్గలేదని మోతాదు పెంచుతారు. అసలు ఇబ్బంది మందులో లేదు, వేళలో ఉంది. ఈ సంగతి వైద్య విద్యార్థికి చెప్పగలిగింది ఆమే.

వైద్యం నేర్చుకునేవారికి రోగి చాలాకాలం ‘కేసు’గానే కనిపించారు. ఇప్పుడు రోగిని, ఆ కుటుంబాన్ని కూడా గురువులుగా చూడాలన్న ఆలోచన బలపడుతోంది.

ఇంటి ముంగిట తరగతి

మన దేశంలో 2019లో ఎంబీబీఎస్‌కు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. అందులో ప్రవర్తన, నైతికత, మాటతీరు నేర్పే ‘ఏట్‌కామ్’ భాగం ఉంది. రోగిగా ఉండటమంటే ఏమిటన్నది మొదటి ఏడాదిలోనే అందులో ఒక పాఠం. 2022 నుంచి కుటుంబ దత్తత కార్యక్రమం తోడైంది. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థీ మొదటి ఏడాదిలోనే కనీసం మూడు కుటుంబాలను ఎంచుకుని, తర్వాత కూడా వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి.

పుస్తకంలో లేనివి

‘వేడి చేసింది’ అని మనం అంటాం. అది ఒకరికి మూత్రంలో మంట, ఇంకొకరికి నోటిపూత, మరొకరికి కళ్లమంట. ‘నీరసం’ అంటే రక్తహీనత కావచ్చు, షుగర్ కావచ్చు, మనసులో దిగులు కావచ్చు. ఇంగ్లిష్ పుస్తకాలు చదివిన విద్యార్థికి ఈ మాటల అర్థం ఇంటి అరుగు మీద కూర్చుంటేనే తెలుస్తుంది.

పత్తికి, మిరపకు మందు కొట్టి వచ్చాక తలనొప్పి, వికారం వస్తే ‘ఎండ దెబ్బ’ అనుకుని పడుకునేవాళ్లున్నారు. ఆ రోజు ఏ పని చేశారని అడగాలన్న సంగతి విద్యార్థికి అక్కడే తడుతుంది. నరసరావుపేటకో గుంటూరుకో వెళ్లి పరీక్షలు చేయించుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ల కూలీ పోతుంది. ‘మళ్లీ వారం రండి’ అన్న చిన్న మాట వెనుక ఖర్చు ఎంతో ఆ కుటుంబమే చెప్పగలదు.

బయటి దేశాల్లో

అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు 1960ల్లోనే రోగిలా నటించేవారితో విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టారు. నటనతో మాటతీరు అలవడుతుంది గానీ, ఏళ్ల తరబడి జబ్బుతో బతకడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ బతుకు బతికినవాళ్లే కావాలి. ఇంగ్లండ్‌లో 2003లో వచ్చిన సోషల్ వర్క్ డిగ్రీలో, సేవలు పొందేవారికి, వారిని చూసుకునేవారికి బోధనలో భాగం ఇవ్వాలని నిబంధనే పెట్టారు.

మన దగ్గరా అడుగు అక్కడిదాకా పడాలి. విద్యార్థి వచ్చి, ఫారం నింపుకుని వెళ్లిపోతే అది సర్వే అవుతుంది, చదువు కాదు. ‘ఈ అమ్మాయి మా మాట విన్నదా? అర్థమయ్యేలా చెప్పిందా?’ అని కాలేజీ ఆ కుటుంబాన్ని అడిగినప్పుడే వాళ్లు నిజంగా గురువులవుతారు.

మీ ఇంటికి వస్తే...

- ఎందుకు వచ్చారో, ఏ కాలేజీ నుంచో అడగండి. ఇష్టం లేకపోతే వద్దనవచ్చు. ఆ కారణంగా మీ వైద్యం ఆగకూడదు.
- విద్యార్థులు సొంతంగా మందులు మార్చకూడదు. వాడుతున్న మందు ఆపాలన్నా, పెంచాలన్నా డాక్టర్‌నే అడగండి.
- మగవాళ్లు స్త్రీలను పరీక్షించేటప్పుడు మరో మహిళ పక్కన ఉండాలి. ఇది రోగుల హక్కుల పత్రంలో ఉన్న మాటే.
- ఫొటోలు, రిపోర్టులు మీ అనుమతి లేకుండా తీసుకోకూడదు.
- వేసుకోని మాత్రల గురించి, నాటువైద్యం గురించి, ఖర్చు గురించి దాచకుండా చెప్పండి. కసురుకుంటారేమోనని మొహమాటపడితే వాళ్లకు తప్పు పాఠం వెళ్తుంది.
- చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగండి. ‘సరే’ అని తల ఊపడం అలవాటైన మనం, ఆ అలవాటు కాస్త మానితేనే రేపటి డాక్టర్‌కు విడమరిచి చెప్పడం అలవాటవుతుంది.