ఎక్కిళ్ళు పెట్టే ఇంజను

యూకేలో పాత పెట్రోలు కారు నడిపేవాళ్ళకి ఇంజను ఎక్కిళ్ళు పెట్టడం కొత్తేమీ కాదు. అసలు చిక్కు డాష్‌బోర్డు మీద వెలిగే పసుప్పచ్చ దీపంతోనే. 2003 జులై 1 తర్వాత రోడ్డెక్కిన పెట్రోలు కారులో ఆ దీపం వెలుగుతూ ఉంటే, 2018 మే 20 నుంచి ఎమ్ఓటీ పరీక్ష తప్పినట్టే. మాకేమో ఎమ్ఓటీ పది రోజుల్లో ఉంది. గరాజువాడు ఫోన్లో వినగానే నాలుగు కాయిళ్ళూ, నాలుగు ప్లగ్గులూ మార్చేద్దామన్నాడు. బగ్ ఎక్కడుందో చూడకుండా మొత్తం తిరగరాద్దామనే మేనేజర్లు మనకి తెలియనివాళ్ళా!

నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండరులోనూ పెట్రోలు ఒకసారి మండాలి. ఒకదాంట్లో మండకపోతే ఆ క్షణాన క్రాంకు కాస్త తడబడుతుంది. కంప్యూటరు పట్టుకునేది ఆ తడబాటునే. ఏ సిలిండరో చెబుతుంది గానీ, ఎందుకో చెప్పదు. ఓబీడీ రీడరు పెడితే మా కారు పీ0303 అంది. చివరి అంకె సిలిండరు నంబరు. ఒకటో నంబరు ఏ వైపుందో మాన్యువల్లో చూసుకోవాలి.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, మూడో సిలిండరు కాయిల్ రెండోదానికీ, రెండోది మూడోదానికీ పెట్టాను. సిలిండరుకొక కాయిల్ ఉన్న ఇంజన్లలోనే ఇది కుదురుతుంది. ఇంజను నడుస్తుండగా కాయిళ్ళ జోలికి పోకండి, అవి వేల వోల్టుల సరుకు. ప్లగ్గులు మాత్రం కదపలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏం తేలుతుంది? కోడు చెరిపేసి మళ్ళీ నడిపాను. దీపం వెంటనే వెలక్కపోయినా పెండింగు కోడు ముందే కనిపిస్తుంది. మళ్ళీ పీ0303యే! అంటే కాయిల్ నిర్దోషి.

ఈసారి ప్లగ్గులు అటూ ఇటూ మార్చాను. పీ0302 వచ్చింది. బయటికి తీసి టార్చి వెలుగులో చూస్తే పింగాణీ మీద సన్నటి పగులు. నాలుగు ప్లగ్గులదీ ఒకటే వయసు కాబట్టి నాలుగూ కొత్తవి వేశాను, కాయిళ్ళు పాతవే. ప్లగ్గు మార్చినా కోడు కదలకపోయుంటే ఇంజెక్టరు, కంప్రెషను చూడాల్సి వచ్చేది. అక్కడికి గరాజే నయం.

అన్నట్టు, దీపం నిలకడగా వెలగకుండా మిణుకుమిణుకుమంటుంటే ఈ ప్రయోగాలేవీ వద్దు. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని కాల్చేస్తోందని అర్థం. బండి పక్కకి ఆపి, ఏఏ వాళ్ళకో ఆర్ఏసీ వాళ్ళకో ఫోన్ చేయండి.