సర్వేల్ బడిలో పీవీ

చౌటుప్పల్ దగ్గర విజయవాడ హైవే వదిలి సంస్థాన్ నారాయణపురం దారి పడితే సర్వేల్ వస్తుంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. భూదానోద్యమం పుట్టిన పోచంపల్లి, రేచర్ల పద్మనాయకులు ఏలిన రాచకొండ చుట్టుపక్కలే. అన్నీ మెట్టపొలాలు. ఇలాంటి ఊళ్లో 1971 నవంబరు 23న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల తెరిచారు పీవీ నరసింహారావు. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి అయి రెండు నెలలు కూడా కాలేదు. ఇక్కడ సర్వోదయవాది మద్ది నారాయణరెడ్డి పూనుకోవడంతో పని తేలికైంది.

ప్రధానిగా పీవీ గురించి అందరూ మాట్లాడతారు. రాష్ట్ర మంత్రిగా ఆయనేం చేశారో అడిగేవాళ్లే తక్కువ. మంథని నుంచి 1957లో మొదటిసారి గెలిచి, 1962లో మంత్రి అయ్యారు. న్యాయం, సమాచారం, దేవాదాయం, ఆరోగ్యం చూశాక 1968లో విద్యాశాఖకు వచ్చారు. కాలేజీ చదువులకు తెలుగు పుస్తకాలు కావాలని తెలుగు అకాడమీ పెట్టిందీ ఆ ఏడాదే. దాని తొలి అధ్యక్షుడూ ఆయనే.

చదువు కోసం ఊరు విడవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. వంగర నుంచి హన్మకొండ వెళ్లి చదివారు. వందేమాతరం ఉద్యమంలో దిగినందుకు నిజాం రాజ్యంలో తలుపులు మూసుకుంటే నాగపూర్ చేరారు.

సర్వేల్ పద్ధతి సూటిగా ఉంటుంది. పల్లె పిల్లలకు ప్రవేశ పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకు చదువు, తిండి, పడక ఒక్కచోటే ఇవ్వడం. సాయంత్రం ఇంటికెళ్లి పశువుల వెంట పోవాల్సిన పిల్లాడు ఇక్కడ పుస్తకం ముందు కూర్చున్నాడు. మరుసటి ఏడాదే తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. ఐఏఎస్ అధికారిగా చేసిన బుర్రా వెంకటేశం, డీజీపీగా చేసిన మహేందర్ రెడ్డి సర్వేల్‌లో చదివినవాళ్లే.

ఇంత చెప్పాక ఒక మాట అనక తప్పదు. పరీక్షలో నెగ్గిన పిల్లాడు గురుకులానికి వెళ్లాడు సరే, తప్పినవాడు చేరే జిల్లా పరిషత్ బడి సంగతేమిటి? తెలివైన పిల్లల్ని ఏరుకుపోయాక అక్కడ మిగిలిన పంతులుకు ఉత్సాహం ఎక్కడిది? ఈ ప్రశ్నకు పీవీ తర్వాతి విద్యామంత్రులెవరూ గట్టిగా జవాబు వెతకలేదు.

ముఖ్యమంత్రిగా ఆయనకు ఎక్కువ సమయం దొరకలేదు. భూసంస్కరణలు మొదలుపెట్టి పెద్ద రైతుల కోపం మూటగట్టుకున్నారు. ఉద్యోగాల్లో స్థానికులకే చోటన్న ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు, దాని వెంట జై ఆంధ్ర ఉద్యమం. 1973 జనవరిలో పదవి పోయింది. బడి మాత్రం ఆయన వెంట ఢిల్లీకీ వెళ్లింది. 1985లో రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో మానవ వనరుల శాఖ చేతికి రాగానే జిల్లాకో నవోదయ విద్యాలయం అన్నారు. పరీక్ష, వసతి, పల్లె పిల్లలకు పెద్దపీట... అదే సర్వేల్ వరస. కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మాకూ కావాలంటూ తెలంగాణ ఏళ్లపాటు అడుగుతూ వచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం మరో 7 నవోదయలు ఇచ్చింది.