మీకు తెలుసా? తుపాకీ గురి చెక్కలోనూ ఉంది!

వడమాలపేట, పుత్తూరు వైపు వాళ్లకు ఎర్రచందనం గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. అంత గట్టి చెక్కతో తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, చేస్తే తరతరాలు నిలుస్తుంది కదా అనిపిస్తుంది. కానీ ఎర్రచందనం దుంగ నీళ్లలో మునిగిపోయేంత బరువు. పోలీసులు దశాబ్దాల పాటు భుజాన మోసిన త్రీ నాట్ త్రీ రైఫిల్ మామూలుగానే నాలుగు కిలోల దాకా తూగుతుంది. అందుకే సైనిక తుపాకులకు ఎక్కువగా అక్రోటు చెక్క వాడారు. అది తేలిక, తుపాకీ వెనక్కి తన్నినా తొందరగా చీలదు, వానకూ ఎండకూ పెద్దగా వంకర పోదు.

ఒక్క చెక్క కాదు! 1907లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చి, తర్వాత కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారైన ఈ రైఫిల్‌కు మడమ వేరు, గొట్టం కింది ముందు చెక్క వేరు. మడమ విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. భుజానికి ఆనే చోట ఇత్తడి పలక ఉంటుంది. దానికున్న చిన్న మూత తెరిస్తే లోపల నూనె సీసా, గొట్టం తుడిచే తాడు పెట్టుకునే గూడు కనిపిస్తుంది.

మనిషిని బట్టి మడమ! పొట్టి చేతుల వాడికీ పొడుగు చేతుల వాడికీ ఒకే కొలత సరిపోదు. అందుకే మామూలు మడమతో పాటు అర అంగుళం పొడవైనదీ, అర అంగుళం పొట్టిదీ, ఒక అంగుళం పొట్టిదీ కూడా చేశారు. ఏది ఏదో తెలియడానికి చెక్క మీదే అక్షరం కొట్టేవారు.

ముందు ఏది విప్పాలి? మడమను పట్టి ఉంచేది దాని లోపలి నుంచి పోయే పొడవాటి బోల్టు. ఆ బోల్టు చదరపు కొస ముందు చెక్క వెనక భాగంలోకి దూరి ఉంటుంది. ముందు చెక్క తీయకుండా బోల్టు తిప్పితే ఆ కొస చెక్కను లోపలి నుంచే చీల్చేస్తుంది. పాత రైఫిళ్ల ముందు చెక్కలు పాడవడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే ముందు చెక్క మొదట, మడమ తర్వాత. బిగించేటప్పుడు మడమ మొదట, ముందు చెక్క తర్వాత.

మసి చెప్పే నిజం! కొత్త చెక్క కూర్చేటప్పుడు ఇనుప భాగానికి పలుచగా దీపం మసి పూసి చెక్కలో పెట్టి తీస్తారు. నల్లగా అంటిన చోట చెక్క ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఉలితో పొర తీసి, మళ్లీ మసి పూసి చూస్తారు. తన్ను దెబ్బ పడే రెండు వైపులా ఇనుము సమానంగా ఆనాలి. ఒకవైపే ఆనితే గురి తప్పుతుంది, కొన్నాళ్లకు చెక్క పగులుతుంది. ఇషాపూర్ వాళ్లు ఈ పగుళ్లను ఆపడానికి ముందు చెక్కకు అడ్డంగా ఒక మర బిగించారు. పాత ఇషాపూర్ రైఫిళ్ల మీద ఆ మర తల ఇప్పటికీ కనిపిస్తుంది.

వార్నిష్ కాదు, అవిసె నూనె! సైనిక తుపాకీ చెక్కకు పచ్చి అవిసె నూనె పట్టించేవారు. అది చెక్కలోకి ఇంకి తేమను నిలువరిస్తుంది. గీత పడ్డా మళ్లీ నూనె రుద్దితే సరిపోతుంది. వార్నిష్ పొర లేస్తే ఆ సందులోంచి నీరు దిగుతుంది.

చెక్కా ఇనుమూ సందు లేకుండా ఆనేలా కూర్చడం ఉలి పట్టిన చేతి గొప్పతనం. పోలీసు ఆయుధాగారాల్లో ఆ పని చేసిన ఆర్మరర్లు మంచి వడ్రంగులు కూడా. వారి విద్యను రాసి భద్రపరచాలి. ఒక్క మాట: త్రీ నాట్ త్రీ మన చట్టం ప్రకారం నిషేధిత బోరు. తాతల నాటి తుపాకీ ఏదైనా ఇంట్లో దొరికితే మీరు విప్పకండి, వెంటనే పోలీస్ స్టేషన్‌లో తెలియజేయండి.