డయాలిసిస్ మంచం మీద మాస్టారి హాజరు పట్టీ

సోంపేట: తెల్లవారి ఆరు కొట్టేసరికే ఆసుపత్రి ముందు ఆటోలు బారులు తీరుతాయి. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు పల్లెల నుంచి వచ్చినవే ఎక్కువ. అందులో ఒకదాని నుంచి చేతిసంచితో ఒక పెద్దాయన మెల్లగా దిగుతారు. వయసు డెబ్బై దాటింది. ఉద్దానంలో ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పి 2009లో రిటైరైన మాస్టారు ఆయన. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన పడుకోవాలి. "పేరెందుకు బాబూ, మాస్టారని రాయి, చాలు" అన్నారు.

ఎడమ చేతికి రెండు సూదులు. ఒక గొట్టంలో రక్తం బయటికి పోతుంది, రెండోదానిలో తిరిగి వస్తుంది. ఆ చెయ్యి కదపకూడదు. కుడిచేత్తోనే సంచిలోంచి ఒక పాత నోటుబుక్కు తీశారు. ఏటా ఏడో తరగతి పరీక్షకి వెళ్ళిన పిల్లల పేర్లు అందులో ఉన్నాయి. కొన్ని పేర్ల పక్కన ఎర్ర చుక్కలు. పరీక్ష తప్పినవాళ్ళేమో అనుకున్నాడు ఈ విలేకరి. కాదట. చుక్క ఉంటే కిడ్నీ జబ్బు వచ్చిందని గుర్తు. చుక్క చుట్టూ సున్నా చుడితే మనిషి లేడని.

1998 నాటి పేజీ ఒక్కదానిలోనే అయిదు చుక్కలు. రెండింటికి సున్నాలు. "వీడు లెక్కల్లో పులి. వీడు నా సైకిలు తుడిచేవాడు" అంటూ వేలితో చూపించి, పేజీ తిప్పేశారు.

కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండే ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకింతగా వ్యాపించిందో ఎన్ని పరిశోధనలు జరిగినా ఒక్క కారణమంటూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. మాస్టారి పెరట్లో కాయలు దిగే కొబ్బరి చెట్లున్నాయి. కొబ్బరినీళ్ళు మాత్రం ఆయన తాగకూడదు. వాటిలోని పొటాషియం ఈ రోగులకి గుండె మీదికి తెస్తుందని డాక్టర్లు కట్టడి చేశారు. మంచినీళ్ళు కూడా గ్లాసుతో కొలిచే తాగాలి.

నోటుబుక్కులో ఇంకో పేరు దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. అదే 1998లో ఆ కుర్రాడు నెలలో సగం రోజులు బడికి వచ్చేవాడు కాదు. ఒకరోజు బెత్తం విరిగేలా కొట్టి, గోడకుర్చీ వేయించారట. బడికి రాకుండా తోటల్లో తిరుగుతున్నాడని ఆయన కోపం. నిజానికి వాడు తండ్రిని రైల్లో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి వస్తున్నాడు. ఆ సంగతి తండ్రి పోయాకగాని మాస్టారికి తెలియలేదు. కుర్రాడు మళ్ళీ బడికి రాలేదు.

ఇప్పుడు మాస్టార్ని ఆసుపత్రికి తెచ్చి, తిరిగి ఇంటికి చేర్చే ఆటో అతనిదే. బయట వేపచెట్టు కింద కనిపిస్తే అడిగాం. "అప్పుడు సెప్తే నమ్ముతారేటండీ? మాస్టారు కదా, కొట్టారు. పోనీండి" అని నవ్వేశాడు. కిరాయి తీసుకోడు. డీజిలు డబ్బులు మాత్రం మాస్టారు బలవంతంగా జేబులో పెడతారు.

మాస్టారికి అది చాలడం లేదు. "ఎందుకు రాలేదురా అని ఒక్క మాట అడగలేకపోయాను" అన్నారు. అందుకే నోటుబుక్కులో చుక్క లేని పేర్లన్నిటికీ ఇప్పుడు కబురు పంపుతున్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆటో అతని చేత చెప్పిస్తారు. వలస పోయినవాళ్ళకి యంత్రం తిరుగుతున్నంతసేపూ ఫోను చేస్తారు. అడిగేది ఒకటే: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకున్నావా అని. మొదట్లో ఈ జబ్బుకి నొప్పి ఉండదు, వాపు ఉండదు. కాళ్ళు వాచి ఆయాసం వచ్చేసరికి చాలామందికి చెయ్యిదాటిపోతుంది. ఒళ్ళునొప్పులకి దుకాణంలో బిళ్ళలు కొని మింగే అలవాటు కిడ్నీలకి చేటని కూడా చెబుతున్నారు. తోట పని చేసి వచ్చినవాడు బిళ్ళ వేసుకోకుండా ఎలా పడుకుంటాడన్నది వేరే ప్రశ్న. దానికి మాస్టారి దగ్గరా జవాబు లేదు.

సూదులు తీసి, దూది నొక్కిపెట్టి కట్టుకట్టారు. లేవబోతూ ఆయన ఈ విలేకరి వైపు తిరిగారు.

"మీదే ఊరు బాబూ?"

చెప్పాను.

"పరీక్ష చేయించుకున్నావా?"

లేదని ఒప్పుకోక తప్పలేదు. సోమవారం మళ్ళీ వస్తానని, కాగితం తెచ్చి చూపించమని చెప్పి ఆటో ఎక్కారు.